ఎవరి చేతి పని

ఆ ఎండాకాలం మా వీధిలో ఎవరైనా కొత్త చొక్కా వేసుకుంటే, బాగుందనే ముందు ఎక్కడిదని అడిగేవాళ్లు. ఆదివారం ఎవరింట్లోంచి మాంసం వేగుతున్న వాసన వచ్చినా పక్కింటి కిటికీ తెరుచుకునేది. ఫ్యాక్టరీలో సమ్మె మొదలై మూడు వారాలైంది. బే సిటీలో వలసొచ్చి స్థిరపడ్డ మా పోలిష్ వాళ్ల వీధులన్నీ ఆ ఒక్క గేటు మీద బతికేవి. కార్ల బాడీ రేకులు ఒత్తే ప్రెస్సులు అక్కడ ఆగిపోయాయి. వాటితోపాటే మాలో మాకున్న నమ్మకం కూడా.

అప్పుడు నాకు పదహారేళ్లు. నిజం చెప్పాలంటే సమ్మె కన్నా నాకు నా బ్యూక్ కారే ముఖ్యం. డెబ్బయ్యో మోడల్ గ్రాన్ స్పోర్ట్. రెండు తలుపులు, ఏడున్నర లీటర్ల ఇంజను. ఊరవతల బీట్‌దుంపలు పండించే ఒకాయన కొట్టంలో పదేళ్లు పడుంది. వెనక సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. నేనూ నాన్నా గొలుసు కట్టి ఈడ్చుకొచ్చిన రోజు అమ్మ వాకిట్లో నిలబడి చూసి, "ఇది కారా, కోళ్ల గూడా?" అంది. పిండి గిన్నెలోంచి చేతులు తీయకుండానే మళ్లీ, "బానెట్ ఏదీ?" అంది.

బానెట్ లేదు. ఆ మోడల్ బానెట్‌కి ముక్కుపుటాల్లాంటి రెండు గాలి రంధ్రాలుంటాయి. ఇంజను ఊపిరి పీల్చుకునేది అక్కణ్ణుంచే. అది లేని గ్రాన్ స్పోర్ట్ ముక్కు తెగిన మనిషితో సమానం. చుట్టుపక్కల పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడా దొరకలేదు.

పని నేర్పింది మాత్రం క్లెమ్ అంకుల్. వీధి చివర గ్యారేజీ ఆయనది. అరవై దాటాయి, పెళ్లి చేసుకోలేదు, మాట కరుకు. స్కూలయ్యాక రోజూ వెళ్లేదాన్ని. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి అందించే నాలుగు గొట్టాల కార్బురేటర్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించడం ఆయన ఒక్కడికే సరిగ్గా వచ్చు మా ఊళ్లో. తర్వాత నాకు. స్క్రూ సరైన చోటికి వచ్చాక, కదిలితే తెలిసేట్టు దాని మీద పసుపుపచ్చ రంగు చుక్క పెట్టమనేవాడు. నా దగ్గర పసుపు రంగు లేక అమ్మ గోళ్లరంగు వాడేదాన్ని, పగడపు రంగుది. అది చూసి ఆయన, "పెళ్లికూతుర్ని చేస్తున్నావటే కార్బురేటర్ని?" అని వెక్కిరించేవాడు. నేను మానలేదు.

జూన్ ఆఖర్లో ఒకరోజు పొద్దున్నే నాన్న చేపలవేట నుంచి వచ్చాడు. పేరు నార్బర్ట్ గుర్స్కి. పంతొమ్మిదేళ్లుగా ప్రెస్సుల మీద పని. గేటు దగ్గర పొద్దుటి పూట సమ్మె కాపలాకి నాయకుడు, చేతికి పట్టీ కట్టుకునేవాడు. ఆ రోజు బుట్టలో చేపల్లేవు. పాత తువ్వాల్లో చుట్టిన కార్బురేటర్ ఉంది.

"నీ బ్యూక్‌దీ ఈ రకమేగా?" అన్నాడు.

"అదే రకం. ఎవరిది?"

"పక్కూరు లిన్‌వుడ్‌లో పడవ ఉన్నాయన ఒకడు. వాడి ట్రక్కుది. నడుస్తూ నడుస్తూ దగ్గుతోందట."

"క్లెమ్ అంకుల్‌కి ఇవ్వకపోయావా?"

"ఆయనకి ఊపిరాడని పని. నువ్వు చెయ్యలేవా ఏం?" అని నవ్వాడు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊళ్లో అనకు. వాడు లైసెన్సు లేకుండా చేపలమ్ముతాడు. లేనిపోని గొడవ."

వంటింటి బల్ల మీద వార్తాపత్రికలు పరిచి రెండు రోజులు కూచున్నాను. ఎవరో అప్పటికే ఒకసారి విప్పి అడ్డదిడ్డంగా బిగించినట్టున్నారు. ఒక స్ప్రింగు తలకిందులుగా ఉంది. స్క్రూల తలలు అరిగున్నాయి. అన్నీ సరిచేసి చుక్కలు పెట్టాను. పైన దుమ్ము తుడుస్తుంటే బూడిద రంగు పొడి రాలింది. చేపలవాడి ట్రక్కుకి చేపల వాసన ఉండాలి కదా అనిపించింది. అనిపించి ఊరుకుంది. నాన్న మీద అనుమానపడటం నాకప్పటికి రాదు.

వారం తిరక్కుండానే నాన్న పికప్ ట్రక్కు వెనక దుప్పటి కప్పిన పెద్ద వస్తువుతో వచ్చాడు. దుప్పటి లాగాడు. బానెట్! రెండు ముక్కుపుటాలతో, తుప్పు చుక్క లేకుండా.

నేను అరిచిన అరుపుకి అమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడిది?" అంది.

"ఆ చేపలవాడే," అన్నాడు నాన్న. "పిల్ల పని వాడికి నచ్చింది. వాడి తమ్ముడి కొట్టంలో పడుందట."

అమ్మ బానెట్‌ని కాదు, నాన్ననే చూస్తూ నిలబడింది కాసేపు. "చేపలవాడి తమ్ముడి కొట్టంలో," అని మాట మాటా విడగొట్టి పలికి లోపలికి వెళ్లిపోయింది.

నేనూ నాన్నా చెరో పక్కా పట్టుకుని బిగించాం. ఆ సాయంత్రం మా ఇంటి ముందు చిన్న తిరణాలే జరిగింది. వచ్చినవాళ్లలో ఎల్మర్ సిచ్ ఒకడు. నాన్నతోనే పని చేసేవాడు. ముగ్గురు పిల్లలు, ముక్కు మీద కోపం. బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మా ఇంట్లో పిల్లలు వారం రోజులుగా బంగాళదుంపలే తింటున్నారు. మీ ఇంట్లో కారు ముక్కు మొలిపించుకుంది. ఎక్కడ దొరికిందమ్మా?"

"లిన్‌వుడ్‌లో," అన్నాను.

"లిన్‌వుడ్‌లో నాకూ చుట్టాలున్నార్లే," అని నాన్న వైపు తిరిగాడు. "ఇంతకీ విన్నావా నార్బ్? ఆ బూడిదరంగు వ్యాను మళ్లీ తిరుగుతోంది."

ఆ వ్యాను సంగతి ఊరంతటికీ తెలుసు. కిటికీలకి ఇనప వల, లోపల నల్ల కాగితం. సమ్మెని దెబ్బతీయడానికి కంపెనీ బయటి ఊళ్లనుంచి తెచ్చిన మనుషుల్ని రోజూ పొద్దున గేటు దాటించి ఆగిన మా ప్రెస్సుల మీదికి తోలేది అదే. మధ్యలో పాడై నాలుగు రోజులు రాలేదు. ప్రెస్సులు నాలుగు రోజులూ చప్పుడు చెయ్యలేదు. కంపెనీవాళ్లు మాటలకి వస్తామని కబురు కూడా పెట్టారట. ఈలోగా వ్యాను మళ్లీ వచ్చింది. దగ్గు లేదు, ఆయాసం లేదు, గుర్రంలా ఉరుకుతోంది. వస్తామన్న వాళ్లు రాలేదు.

"ఊళ్లో ఏ గ్యారేజీవాడూ దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టాడు," అన్నాడు ఎల్మర్. "మరెవడు ముట్టుకున్నట్టు? కార్బురేటర్ పని అంత శుభ్రంగా ఈ ఊళ్లో ఎవడికొచ్చు?"

అందరి తలలూ మెల్లగా వీధి చివర క్లెమ్ అంకుల్ గ్యారేజీ వైపు తిరిగాయి.

"చూడాల్సిందే," అన్నాడు నాన్న.

ఆ రాత్రి పడుకుని, వ్యాను ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో వేళ్ల మీద లెక్కపెట్టబోయాను. మూడో వేలి దగ్గర ఆపేశాను. లెక్క ఎటు పోతోందో నాకు నచ్చలేదు. క్లెమ్ అంకుల్‌ని అనుమానించడం అంతకంటే తేలిక. నేనూ అదే చేశాను.

జులై అంతా ఆయన మీద కన్నేసి ఉంచాను. గ్యారేజీ మూలన గుడ్డ కప్పి ఉన్నది ఏమిటో? మధ్యాహ్నం తలుపు ఎందుకు దించేస్తున్నాడు? మునుపు ఆయన గొణిగేవాడు, ఇప్పుడు అసలు మాట్లాడ్డేం? ఏం చేసినా తప్పుగానే కనిపించేది. ఊళ్లోవాళ్లు ఆయన దగ్గరికి బండ్లు తేవడం మానేశారు. చర్చిలో శుక్రవారం పెట్టే చేపల విందులో ఆయన కూచున్న బల్ల దగ్గరికి ఎవరూ పోలేదు. ఒక్కడే తిని, తన పళ్లెం తనే కడిగి పెట్టి వెళ్లిపోయాడు. ఎవరో గ్యారేజీ తలుపు మీద నల్ల రంగుతో 'అమ్ముడుపోయినవాడు' అని రాశారు. ఆయన చెరపలేదు.

ఆయన పానాలు కొన్ని నా దగ్గరుంటే తిరిగివ్వడానికి వెళ్లాను.

"బల్ల మీద పెట్టు," అన్నాడు.

పెట్టాను. మూలన గుడ్డ కింద ఉన్నదాన్ని చూస్తూ నిలబడ్డాను.

"చూడాలనుంటే చూడు. దొంగచూపులెందుకు?" అని తనే గుడ్డ లాగేశాడు. పాత బట్టలుతికే మిషను. చర్చి వంటింటిది. ఊరికే బాగుచేసి పెడుతున్నాడు.

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. "అందరూ అంటున్నారు కదా అని..." అన్నాను.

"అందరూ అంటారు. నువ్వూ అన్నావా?"

ఆయన పానాలు లెక్కచూసుకుని గోడకి తగిలించుకున్నాడు.

"నీ బ్యూక్‌కి బానెట్ దొరికిందట," అన్నాడు వీపు నావైపుంచే. "మంచి బానెట్ అది. వెతికితే దొరికే సరుకు కాదు."

ఇంటికొచ్చేదాకా ఆ మాట నా వెనకే నడిచొచ్చింది.

ఆగస్టు రెండో వారంలో ఎండ మాడ్చేసింది. తారు రోడ్డు చెప్పులకి అంటుకునేది. ఆ రోజు అమ్మ సాసేజీలు, రొట్టెలు డబ్బాలో సర్ది గేటు దగ్గర వాళ్లకి ఇచ్చి రమ్మంది. నేను వెళ్లేసరికి గేటు ముందు వంద మంది పైనే ఉన్నారు. మధ్యలో బూడిదరంగు వ్యాను. ఆ ఎండకి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయినట్టుంది, సరిగ్గా గేటు కడ్డీ ముందు ఆగి చచ్చింది. లోపలివాళ్లు దిగి, తలలకి చొక్కాలు కప్పుకుని గేటులోకి పరిగెత్తారట. వ్యాను మాత్రం దిక్కులేకుండా మిగిలింది.

ఎల్మర్ దాని ఇంజను మూత ఊడబెరికాడు. "తీసుకురండి వాణ్ణి! తన చేతి పని తనే చూసుకోనీ!"

ఇద్దరు కుర్రాళ్లు కారులో వెళ్లి క్లెమ్ అంకుల్‌ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన చేతులు తుడుచుకుంటూనే దిగాడు. జనం దారిచ్చి, ఆయన వెనకే మూసుకుపోయారు. నాన్న వ్యానుకి అవతలి పక్కన ఉన్నాడు, చేతికి పట్టీతో.

"చూడు," అన్నాడు ఎల్మర్. "నీదేనా?"

క్లెమ్ అంకుల్ వంగాడు. నేను డబ్బాతోనే మనుషుల సందులోంచి తల దూర్చాను. కార్బురేటర్ మీద, నాలుగు స్క్రూల తలల మీద, నాలుగు చుక్కలు. పగడపు రంగు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. నన్ను వెతుక్కుని ఒక్కసారి చూశాడు. తర్వాత వ్యాను మీదుగా అవతలికి చూశాడు. ఆ చూపు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు.

"ఎవరు చేశారో గానీ," అన్నాడు, "పని బాగా చేశారు."

ఎల్మర్ ఆయన రొమ్ము మీద చెయ్యేసి తోశాడు. ముసలాయన వెనక్కి పడి వ్యాను బంపరు మీద కూలబడ్డాడు. టోపీ దొర్లిపోయింది. ఎవరో దాన్ని తొక్కారు.

"అది నా పని," అన్నాను.

డబ్బా కింద పెట్టి మళ్లీ అన్నాను. "ఆ కార్బురేటర్ నేను బాగుచేశా. ఆ చుక్కలు మా అమ్మ గోళ్లరంగు. కావాలంటే ఇంటికెళ్లి సీసా తెస్తా."

ఎల్మర్ నా మొహంలోకి చూశాడు, ఇంతకుముందు నన్ను ఎప్పుడూ చూడనట్టు.

"ఎవరు తెచ్చిచ్చారు నీకు?"

నేను నాన్న వైపు చూడలేదు. చూస్తే చెప్పినట్టే. ఆయన నోరు విప్పడానికి నేనొక ఊపిరి ఆగాను. ఇంకో ఊపిరి ఆగాను. అవతలి పక్క నుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వచ్చింది. సిగరెట్టు వాసన వచ్చింది. మాట రాలేదు.

"ఎవరో ఒకాయన," అన్నాను. "పేరు తెలీదు. దేనికో నాకు చెప్పలేదు."

"చిన్నపిల్లని మోసం చేశారు వెధవలు," అన్నారెవరో. ఆ మాట పట్టుకుని అందరూ ఊపిరి వదిలారు. ఎల్మర్ టోపీ తీసి, దులిపి, క్లెమ్ అంకుల్ చేతిలో పెట్టాడు. క్లెమ్ అంకుల్ దాన్ని పెట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

మేం ఇంటికి చేరేలోగానే కబురు అమ్మకి చేరింది. రాత్రి భోజనాల దగ్గర ముగ్గురమే. ఉడికించిన క్యాబేజీ, బంగాళదుంపలు. అమ్మ వడ్డిస్తూ మామూలు గొంతుతో అడిగింది.

"ఎవరో ఒకాయన అన్నావట, రాక్సీ?"

"అవునమ్మా."

"ఎలా ఉంటాడు?"

నేను పళ్లెంలోకే చూస్తున్నాను. నాన్న ఫోర్కు ఆగిపోయింది.

అమ్మ గరిటె నింపి నాన్న పళ్లెం మీదికి వంచింది. "ఆ ఒకాయనకి ఇంకాస్త వడ్డించనా?"

నాన్న లేచి వెళ్లి వెనక మెట్ల మీద కూచున్నాడు. అమ్మ ఆయన పళ్లెం తీసి కడిగేసింది. ఆ రాత్రి నా గదిలోకొచ్చి నా పక్కనే పడుకుంది. ఏడవలేదు. "నిన్నందులోకి దించాడు చూడు," అంది చీకట్లోకి. "మిగతాదంతా ఎలాగో మింగేదాన్ని."

మర్నాడు పొద్దున నాన్న గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, చేతి పట్టీ మడిచి జేబులో పెట్టుకుని యూనియన్ హాలుకి వెళ్లాడు. అక్కడ ఏమన్నాడో నేను వినలేదు. ఎవరో తర్వాత చెప్పారు, వ్యాను సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేశాడట, కారణాలేమీ చెప్పలేదట. తిరిగొచ్చేటప్పుడు పట్టీ లేదు. నేను వాకిట్లో బానెట్ నట్లు విప్పుతున్నాను. ఒక్కదాన్నే ఎత్తలేను. ఆయన అడక్కుండా అవతలి అంచు పట్టుకున్నాడు. తీసి దింపాం. తనే ట్రక్కులో వేసుకుపోయాడు. ఎక్కడ పారేశాడో అడగలేదు.

క్లెమ్ అంకుల్ దగ్గరికి వెళ్లడానికి నాకు మూడు రోజులు పట్టింది. తలుపు మీది నల్ల అక్షరాల్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు. నేను ఇంకో గుడ్డ తీసుకుని రెండో కొస నుంచి మొదలుపెట్టాను. మధ్యలో కలుసుకున్నాక అన్నాడు:

"నువ్వు ఎప్పుడైనా రావచ్చు. మీ నాన్నకి చెప్పు, ఈ పక్క కాలిబాట మీద నడవొద్దని."

చెప్పాను. నాన్న తలూపాడు. చచ్చేదాకా ఎదురు పక్కనే నడిచాడు.

సమ్మె ఆగస్టు చివర్లో ముగిసింది. అడిగినదాంట్లో సగం వచ్చింది. వ్యాను పాడైన ఆ నాలుగు రోజులు ఇంకో నాలుగై ఉంటే మొత్తం వచ్చేదని కొందరు ఇప్పటికీ అంటారు. నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. అందుకే ఆ మాట చావదు.

పనిలోకి వెళ్లే మొదటి రోజు పొద్దున్నే నాన్న భోజనం డబ్బాతో వాకిట్లో నిలబడ్డాడు. మామూలుగా ఎల్మర్ కారులో నలుగురూ కలిసి పోయేవాళ్లు. ఆ కారు వచ్చింది. ఆగకుండా పోయింది. నాన్న ట్రక్కు సమ్మె ఆఖరి వారంలో అమ్మేశాం. ఆయన డబ్బా చెయ్యి మార్చుకుని నడక మొదలుపెట్టాడు. నాలుగు మైళ్లు.

అమ్మ కిటికీలోంచి చూస్తూ, "కారు తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా," అంది నాతో.

బ్యూక్‌కి ఇంకా రంగు పడలేదు, బానెట్ లేదు, ఇంజను వీధి అంతటికీ కనపడుతోంది. కానీ నడుస్తుంది. రెండో మలుపు దగ్గర ఆయన్ని అందుకున్నాను. తలుపు తీశాను. కాసేపు సందేహించి ఎక్కాడు. నేను తోలుతుంటే నాన్న నా పక్కన కూచోవడం అదే మొదటిసారి.

"ఆ వ్యాను పని ఎన్నిసార్లు ఒప్పుకున్నావు?" అన్నాను.

నది వంతెన దాటాక చెప్పాడు. "రెండు. మొదటిసారి నేనే విప్పి బిగించా. కుదర్లేదు, దగ్గు తగ్గలేదు. బాగా చేయించుకొస్తే బానెట్ ఇస్తానన్నాడు కంపెనీ మనిషి. అందుకని నీ దగ్గరికి తెచ్చా."

"నేను బానెట్ కోసం చచ్చిపోతున్నాననా?"

"నువ్వు అడగలేదు," అన్నాడు. "నేను ఇవ్వాలనుకున్నా."

అది నిజమే అయ్యుండొచ్చు. వంతెన దాటేదాకా కూర్చుకున్న మాట కూడా అయ్యుండొచ్చు. ఆ ఎండాకాలం తర్వాత నాన్న ఏం చెప్పినా నేను రెండు రకాలుగా వినేదాన్ని.

గేటు కనపడగానే ఆయన డాష్‌బోర్డు మీద చెయ్యేశాడు. "ఇక్కడ ఆపు. నడుస్తా. నాతో కనపడకు నువ్వు."

గేటు ముందు రోడ్డు నిండా మనుషులు, డబ్బాలు పట్టుకుని, నవ్వుకుంటూ. ఇంజను చప్పుడుకి తిరిగి చూశారు. ఎవరి కారో, పక్కన ఎవరున్నారో తెలిశాక నవ్వులు ఆగాయి. నేను ఆపలేదు. మెల్లగా, అడుగు మీద అడుగుగా, వాళ్ల మధ్యలోంచే గేటు కడ్డీ దాకా పోనిచ్చాను. ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. ఎల్మర్ నా వైపు కిటికీ దగ్గరికొచ్చాడు. నాన్న వైపు చూడలేదు.

"ఇంజను బాగా పలుకుతోంది, రాక్సీ," అన్నాడు.

"థాంక్స్, ఎల్మర్ అంకుల్."

నాన్న దిగాడు. ఆయన చుట్టూ ఎవరూ అడుగుపెట్టని ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీతో సహా లోపలికి నడిచిపోయాడు.

స్కూలు ముగిసి ఊరు విడిచేదాకా రెండేళ్లు రోజూ నేనే దించాను. దారిలో మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. కానీ గేటుకి ముందే ఆపమని ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు.